నల్లమల నీడయు, రోళ్ళపాడు బీడును

నంద్యాలకుగాని ఆళ్ళగడ్డకుగాని చుట్టములు వచ్చినచో, ఒక్కనాటిలో పోయి రాదగిన చోట్లుగా మనము మహానందిని, అహోబిలమును చూపుదుము. అది యుక్తమే. కాని ఆ త్రోవలతోపాటు చూపదగిన మఱియొక త్రోవ కలదు. దానిని గూర్చియే నేడు నేను విన్నవింపదలచితిని.

మన సీమకు తూర్పున నల్లమల. నడుమ కుందూనది పాఱు నల్లరేగడి. పడమటను వాయవ్యమునను గడ్డిబీళ్ళు. మహానందికి పోయినవారు కొండపాదమున ఊరిన నీరు కోనేరు నిండి, వెలుపలి అరటితోటలకు పాఱుట చూతురు. నంద్యాలనుండి గాజులపల్లె మీదుగా దిగువమెట్టకు పోవు రైలెక్కినచో నట్టడవిలో ప్రయాణింపవచ్చును. ఆళ్ళగడ్డనుండి అహోబిలము చేరినవారికి భవనాశి వాగును, నవనారసింహుల కోనలును దర్శనమిచ్చును. చిఱుతయు, పెద్దపులియు, ఎలుగును తిరుగు వనమది.

ఆ వనము నేటివఱకు నిలుచుటకు భక్తియు శాసనమును రెండును తోడ్పడినవి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు అహోబిలేశ్వరుని సేవించి ఆభరణములు సమర్పించెను. చెంచులక్ష్మిని పెండ్లియాడిన స్వామి చెంచులకు బావగారని మనవారి నమ్మకము. కనుమ పండుగకు ఆయన పారువేటకు బయలుదేరి, సుమారు నలువది దినములు ముప్పదికి పైబడిన గ్రామములు తిరిగి, తన కల్యాణమునకు జనులను పిలుచును. పేరునకు వేటయే యైనను, అది అడవికిని ఊరికిని గల చుట్టరికమును ఏటేట తలపునకు తెచ్చు వేడుక. ఇక శాసనమందురా, 1882 నాటి మద్రాసు అటవీచట్టము మొదలు, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము అడవి పులుల రక్షణ పథకమున చేరువఱకు కట్టుబాట్లు పెరిగినవి. అవి అడవిని కాచినను, అడవినే నమ్మిన చెంచుల బ్రదుకును ఇఱుకున పెట్టిన మాటయు మఱువరాదు.

పడమటి బీళ్ళకు ఇట్టి అండ లేకపోయెను. అచట కోనేరు లేదు, గోపురము లేదు. నందికొట్కూరు చెంతనున్న రోళ్ళపాడు బయలే బట్టమేకపిట్టకు పుట్టినిల్లు. మనిషి నడుమును మించిన యెత్తు, మగపక్షి యైనచో పదునైదు కిలోల వఱకు బరువు, అయినను ఎగురగలదు. ఏటికి సాధారణముగా ఒక్క గ్రుడ్డు, అదియు వట్టినేలపై పెట్టును. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పండితులు 1980 తరువాతి దశకమున ఇచట దీనిని పరిశోధించిరి. 1988లో ప్రభుత్వమువారు 6.14 చదరపు కిలోమీటర్ల బీడును అభయారణ్యముగా ప్రకటించిరి.

ఫలితమేమి? కృష్ణజింకలు వృద్ధిచెంది రైతుల చేలపై పడెను. చుట్టునున్న మేతబీళ్ళు క్రమముగా సాగులోనికి వచ్చెను. విశాలమైన బయలు కావలసిన బట్టమేకకు ఆ చిన్న కంచె చాలలేదు. ఇటీవలి యేండ్లలో అది కనబడుటయే అరుదైనది. దేశమున మిగిలినవి బహుస్వల్పము. వానిలో హెచ్చుభాగము రాజస్థానమునందలి జైసల్మేరు ఎడారియందే కలవు. 2019 నుండి అచట గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.

రైతు నీటిని కోరుట తప్పు కాదు. బీడనిన వ్యర్థభూమి యని లెక్కలలో వ్రాసికొనుటయే మనలను మోసగించినది. అది గొఱ్ఱెకు మేత, జింకకు నెలవు, పక్షికి పురిటిల్లు.

ఆశ వదలవలసిన పని లేదు. 1900 తరువాత అంతరించినదని పండితులు తలచిన కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతమున మరల దొరకెను. దాని జాడ చూపినవారు ఆ పొదల నెఱిగిన పల్లెవారే. కావున పెద్దలారా! బట్టమేకను కన్నులార చూచిన మీరు, అది ఏ బీటిలో తిరిగెడిదో, ఏ ఋతువున కనబడెడిదో పిల్లలకు చెప్పుడు. ఊరి మేతబీడు దున్నుటకు పోవుచున్నపుడు సభలో ఒక్కమాట అడుగుడు. నల్లమలకు దేవుడు కావలి కాచెను. బీటికి మీ మాటయే కావలి.