నల్లేరు, కోతి అల్లం, పుత్తూరు కట్టు

చైనా వైద్యంలో ఒక ఫెర్న్ ఉంది. చెట్ల మీదా రాళ్ళ మీదా పాకుతుంది, దుంప బొచ్చుబొచ్చుగా ఉంటుంది. పాత పేరు కోతి అల్లం. ఇప్పటి పేరు 'గు సుయ్ బు', అంటే విరిగిన ఎముకను బాగుచేసేది. ఈ పేరు పెట్టింది టాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ (712-756) అని ఆ కాలపు వైద్యుడు చెన్ సాంగ్‌చి రాశాడు. రాజుగారే పేరు పెడితే ఇక మార్కెటింగ్ ఎందుకు!

మా ఆదోని, ఎమ్మిగనూరు ఎండలకి ఆ ఫెర్న్ బతకదు. మాకు కంచెల మీద నల్లేరుంది. కణుపులు కణుపులుగా, నాలుగు పలకలుగా ఉండే తీగ. సంస్కృతంలో అస్థిసంహారక. ఇక్కడ సంహారం అంటే చంపడం కాదండోయ్, ఒకచోట చేర్చడం. 16వ శతాబ్దపు భావప్రకాశంలో దీని ప్రస్తావన ఉంది. ఇంచుమించు అదే కాలంలో చైనాలో లీ షిజెన్ కోతి అల్లం కథను తన మహాగ్రంథంలోకి ఎక్కించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి కాదనే నా అనుమానం. ఎముకలు విరగడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే కదా.

1960లలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ నల్లేరును జంతువుల మీద పరీక్షించి, విరిగిన ఎముక త్వరగా అతుకుతోందని ప్రకటించారు. ఫెర్న్‌లో ఉన్న నారింజిన్ (పంపరపనసకి చేదునిచ్చేది కూడా అదే) ఎముక కట్టే కణాలను పురికొల్పుతుందని ప్రయోగశాలల్లో చూశారు. రెంటికీ మనుషుల మీద పెద్ద ఎత్తున జరిగిన పరీక్షలు తక్కువ.

ఇక పుత్తూరు కట్టు. పాత చిత్తూరు జిల్లాలో, పుత్తూరు పక్కన రాజుల కుటుంబం 1881లో మొదలుపెట్టిందంటారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. నా దృష్టిలో అసలు పని పసరుది కాదు, దబ్బలది. ఎముకను సరిగ్గా కూర్చి కదలకుండా ఉంచితే అదే అతుక్కుంటుంది. సిమెంటు కట్టు చేసేదీ అదే.

కానీ అన్ని విరుగుళ్ళూ ఒకటి కాదు. రెండేళ్ళ కింద ఆదోనిలో మా అవ్వ బచ్చలి దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. "ఆపరేషన్ గీపరేషన్ వద్దప్పా, రాత్రికి బండి మాట్లాడితే తెల్లారేసరికి పుత్తూరు" అన్నాడు మామ. తుంటికి దబ్బ ఎక్కడ కడతాం? ముసలివాళ్ళు నెలల తరబడి మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా వస్తాయి, ప్రాణం పోయేది వాటితోనే. రాత్రంతా వాదించి ఆపరేషన్‌కే ఒప్పించాను. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తోంది. లేత నల్లేరు కణుపులు, చేతికి నూనె రాసుకుని (లేకపోతే దురద), వేయించి చింతపండుతో నూరిన పచ్చడి వారానికోసారి తింటుంది. మామ లెక్కలో ఆమెను నడిపిస్తున్నది ఆ పచ్చడే.