పుష్పక్ పోయింది, దాని లెక్కా పోయింది

మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా మీదుగా పొద్దున్నే వేలమంది కొండాపూర్, హైటెక్ సిటీ ఆఫీసులకు వెళతారు. క్యాబ్ డ్రైవర్‌కి దారి చెప్పేటప్పుడు ఆ పేరు అందరి నోటా వస్తుంది. ఆల్విన్ అంటే ఏమిటని అడిగితే పెద్దవాళ్లు ఫ్రిజ్ అంటారు, కొందరు చేతి గడియారం అంటారు. స్కూటర్ అనేవాళ్లు అరుదు. ఆ స్కూటర్ పేరు పుష్పక్. అది ఎలా పోయిందో, పోతూ పోతూ తనతో ఏం పట్టుకుపోయిందో చెప్పే కథ ఇది.

1942లో నిజాం రాజ్యంలో పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ హైదరాబాద్ ఆల్విన్. సనత్‌నగర్‌లో దాని ఫ్యాక్టరీ. అక్కడ బస్సులకు బాడీలు కట్టారు, ఫ్రిజ్‌లు చేశారు. తర్వాత జపాన్ సీకో సహకారంతో గడియారాలు, నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న లారీలు వచ్చాయి. అబ్బాయికి ఆల్విన్‌లో ఉద్యోగం అంటే పిల్లనిచ్చేవాళ్లు రెండో మాట అడగని కాలం అది.

పుష్పక్ మాత్రం పుట్టుకతో ఇక్కడిది కాదు. దాని ఇంజను వంశం ఇటలీది. మిలాన్‌లో ఇన్నోసెంటి కంపెనీ 1947 నుంచి లాంబ్రెట్టా స్కూటర్లు చేసి, 1971లో చేతులెత్తేసింది. భారత ప్రభుత్వం ఆ యంత్రాలు, హక్కులు కొని 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. అక్కడ విజయ్ సూపర్ తయారైంది. అదే సామాను విడిభాగాలుగా రాష్ట్రాలకు వెళ్లి కర్ణాటకలో ఫాల్కన్, పంజాబ్‌లో కేసరి, మన దగ్గర ఆల్విన్ పుష్పక్ అయింది. బజాజ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజుల్లో అదే మధ్యతరగతికి దక్కిన వాహనం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే పుష్పక విమానంలాగే ముందు నిలబడ్డ పెద్దపిల్లాడిని, వెనక అమ్మ ఒళ్లో చంటిదాన్ని, కాళ్ల దగ్గర కూరగాయల సంచిని కూడా మోసింది.

ఈ వంశం ఇంజన్లలో ఒక నాజూకు చోటుంది. అల్యూమినియం కేసులోంచి నాలుగు ఉక్కు స్టడ్లు బయటికి వస్తాయి. సిలిండర్‌నీ, దాని మీద హెడ్‌నీ ఆ నాలుగింటి నట్లే పట్టి ఉంచుతాయి. ఒక్కో స్టడ్డు 8 మిల్లీమీటర్లు. నట్టు ఎంత బిగించాలి? 20 న్యూటన్-మీటర్ల చుట్టుపక్కల. వినడానికి చిన్న అంకె. కానీ ఆ బిగువుకు ఒక్కో స్టడ్డు టన్ను పైచిలుకు బలంతో హెడ్‌ని అదిమి పడుతుంది. తక్కువైతే హెడ్ కింద నుంచి గ్యాసు లీకవుతుంది, ఇంజను వేడెక్కుతుంది, ఒకనాడు నడిరోడ్డు మీద పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ఉక్కు గెలుస్తుంది, అల్యూమినియం ఓడుతుంది. మర ఊడి స్టడ్డు చేతిలోకి వస్తుంది. చూడీ పోయింది అంటారు మన మెకానిక్కులు. ఆ మాట విన్నాక బండి యజమాని ముఖంలో రంగు మారుతుంది.

ఫ్యాక్టరీ బతికున్నంత కాలం ఈ అంకెకు కాపలా ఉంటుంది. బిగింపు లైనులో కొలత ఉంటుంది, సర్వీసు పుస్తకంలో పట్టిక ఉంటుంది, కంపెనీ శిక్షణ పొందిన మెకానిక్ ఉంటాడు. వాళ్ల దగ్గర పని నేర్చిన గల్లీ ఉస్తాద్‌కి టార్క్ రెంచ్ లేకపోయినా ఎంత పొడుగు పానా పట్టాలో, మణికట్టు ఎక్కడ ఆపాలో తెలుసు. చెయ్యి చెప్పే ఆ లెక్క వెనక ఎక్కడో అచ్చువేసిన లెక్క ఒకటి ఉండేది.

ఆ వెనకున్నదే ముందు కూలింది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్ బండ్లు లీటరుకు ఇచ్చే మైలేజీతో కొనేవాళ్ల మనసు మార్చేశాయి. ఆల్విన్ ఒంట్లోనూ అప్పటికే జబ్బు ముదిరింది. 1989లో జహీరాబాద్ లారీల సంస్థ మహీంద్రా చేతికి పోయింది. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు వెళ్లింది, గడియారాలు ఆగిపోయాయి. లక్నోలో స్కూటర్స్ ఇండియా 1997లో రెండు చక్రాల బండ్ల తయారీ మానేసింది. 2021 జనవరిలో ఆ సంస్థ మూసివేతకే కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మిలాన్, లక్నో, హైదరాబాద్ అని మూడు మజిలీలు చేసిన ఇంజనుకు ఒక్క పుట్టిల్లూ మిగల్లేదు.

లక్నోలో స్కూటర్లు ఆగిన మరుసటి ఏడు, 1998 నవంబర్ 22న, మాదాపూర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. సనత్‌నగర్ నుంచి అది ఎంతో దూరం కాదు. ఒక హైదరాబాద్ తన పనిముట్లు సర్దుకుంటుంటే ఇంకో హైదరాబాద్ కంప్యూటర్లు తెరిచింది. రెండో దాన్ని తప్పుపట్టలేం. లక్షల ఇళ్లలో పొయ్యి అదే వెలిగించింది. కాకపోతే మొదటిది పోయేటప్పుడు దాని పుస్తకాలు దించుకోవడానికి ఎవరూ ఎదురెళ్లలేదు.

ఇప్పుడు ఆ రెండో హైదరాబాద్ పిల్లలే తాతగారి స్కూటర్‌ను ఊరి నుంచి తెప్పించుకుంటున్నారు. రంగు వేయిస్తారు, సీటు కుట్టిస్తారు, ఇంజను విప్పిస్తారు. తిరిగి బిగించే రోజున అసలు చిక్కు మొదలవుతుంది. పాత యూరప్ పుస్తకంలో 2 అని ఉంటుంది, ఇంగ్లండ్ పుస్తకంలో 14.5, కొత్త పట్టికలో 20. మొదటిది కిలోగ్రాము-మీటర్లు, రెండోది అడుగు-పౌండ్లు, మూడోది న్యూటన్-మీటర్లు. అంకెలు మూడైనా బిగువు ఒక్కటే. అది గమనించక 20ని అడుగు-పౌండ్లుగా పెట్టి రెంచ్ తిప్పితే మూడో వంతు పైన ఎక్కువ పడుతుంది. యాభై ఏళ్ల అల్యూమినియం దాన్ని ఓర్వదు. రోజంతా లెక్కలు రాసి బతికే చోట, తాతగారి బండి లెక్క తప్పి చావడం కన్నా విషాదం ఏముంది?

అందుకే ఇంజను విప్పించేవాళ్లు కొన్ని సంగతులు పట్టించుకోవాలి. బండి మీద ఉన్న పేరు కాదు, ఇంజను వంశం చూసి పుస్తకం వెతకండి. పుష్పక్‌కు దొరక్కపోతే లాంబ్రెట్టా 150 సర్వీసు పుస్తకం దగ్గరి చుట్టం. అంకె పక్కన కొలమానం ఏమిటో చూడండి. ఉక్కులో దిగే బోల్టుకు రాసిన సాధారణ పట్టిక ప్రకారం 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10, 8కి సుమారు 25 న్యూటన్-మీటర్లు. అల్యూమినియంలో దిగేదానికి అంతకన్నా తగ్గాలి. మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. రెంచ్ మీద పెట్టే శ్రమలో దాదాపు తొంభై శాతం రాపిడికే పోతుంది, నూనె పడితే ఆ రాపిడి తగ్గి అదే అంకెకు బోల్టు అతిగా సాగుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే, ఎదురెదురు మూలల నట్లను రెండు మూడు విడతల్లో బిగించాలి. మర పోతే లావు బోల్టు దిగ్గొట్టకండి. ఉక్కు చుట్ట వేయించి పాత కొలతకే తీసుకురండి.

ఇంకో మాట ఆల్విన్‌లో పనిచేసి రిటైరైన పెద్దలకు, వాళ్ల పిల్లలకు. మీ అటకల మీద సర్వీసు పుస్తకాలు, శిక్షణ కాగితాలు, ఉస్తాద్‌లు పెన్సిల్‌తో అంకెలు రాసుకున్న డైరీలు ఇంకా ఉండొచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లవాడి తక్కెడలో వేయకండి. ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసి నలుగురికీ పంచండి. ఫ్యాక్టరీని మనం నిలబెట్టుకోలేకపోయాం, కనీసం దాని అంకెలనైనా నిలబెట్టుకుందాం.