యూత్ మీటింగ్‌లో ఆరు చీటీలు

గుంటూరు. మే నెల, ఆదివారం సాయంత్రం నాలుగు. రోడ్డు మీద ఎండ ఇంకా తగ్గలేదు. మీరు చర్చి వెనకున్న హాల్లోకి అడుగు పెడతారు. బయటి వెలుతురుకి అలవాటైన కళ్లకి మొదట ఏమీ ఆనదు. తిరుగుతున్న ఫ్యాన్ల మోత, ప్లాస్టిక్ కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తాయి. కాసేపటికి మొహాలు కనబడతాయి. పాతికమంది దాకా ఉంటారు, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా. ఆడపిల్లలు ఓ పక్క, మగపిల్లలు ఓ పక్క. పొద్దున ఆరాధనకి వేసుకున్న తెల్లచొక్కాలు నలిగిపోయి ఉన్నాయి.

"వందనాలండీ, ఇటు కూర్చోండి" అంటూ ఓ కుర్రాడు వెనక వరసలో కుర్చీ వేస్తాడు. ఆ వరసంతా తల్లిదండ్రులే. ఈ పూట పెద్దవాళ్లని కూడా పిలిచారు.

ముందు నిలబడ్డావిడని అందరూ "అక్కా" అనే పిలుస్తారు. ఆవిడ స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఆరాధనకొచ్చి, మధ్యాహ్నం ఓ కునుకు తీసి వచ్చింది. బల్ల మీద ఓ స్టీలు గిన్నె, అందులో మడతపెట్టిన చీటీలు. "మనసు గురించి ఫోన్లో మీరు చూసిన సలహా, నిజమేనేమో అనిపించింది ఒకటి రాసుకు రండి, పేరు వద్దు" అని పోయిన వారం చెప్పింది. బోర్డు మీద చాక్‌పీసుతో నాలుగు ప్రశ్నలు రాసి ఉన్నాయి.

ఎవరు చెబుతున్నారు, ఏం అమ్ముతున్నారు?
నా సంగతి తెలిసి చెబుతున్నారా?
దేవుడి గురించి, నా గురించి ఇది చెప్పేది వాక్యంతో కుదురుతుందా?
ఇది విన్నాక మనుషులకి దగ్గరవుతున్నానా, దూరమవుతున్నానా?

ముందు వరసలోంచి ఓ అబ్బాయి లేస్తాడు. "అక్కా, విశ్వాసం ఉన్నవాళ్లకి ఇన్ని ప్రశ్నలెందుకు?"

"అపొస్తలుల కార్యములు పదిహేడు తియ్యి నాన్నా. బెరయలో ఏం చేశారు?"

పేజీలు తిరుగుతాయి. పౌలు వచ్చి బోధిస్తే బెరయవాళ్లు ఆసక్తిగా విన్నారు, విని ఊరుకోకుండా రోజూ లేఖనాలు తెరిచి అది నిజమో కాదో చూశారు. లూకా వాళ్లని తప్పుపట్టలేదు, మెచ్చుకుంటూ రాశాడు.

"పౌలంతటివాడి మాటనే పరీక్షించారమ్మా. రీల్‌ని పరీక్షించకూడదా?"

మొదటి చీటీ విప్పుతుంది. ఈ ఐదు లక్షణాలుంటే నీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే. పుస్తకం ముందు కూర్చోలేవు, వస్తువులు మర్చిపోతావు, మొదలుపెట్టింది పూర్తి చెయ్యవు.

"చదువుతూ చదువుతూ మధ్యలో ఫోన్ తీసేవాళ్లు చేతులెత్తండి."

పిల్లలందరి చేతులూ లేస్తాయి. మీ చెయ్యి కూడా లేస్తుంది, మీ పక్కాయనదీ.

"మరి మనందరికీ ఆ జబ్బేనా? డాక్టర్లు ఏం చూస్తారో చెబుతా. పన్నెండేళ్లలోపే ఆ లక్షణాలు కనబడ్డాయా? ఇంట్లోనూ బళ్లోనూ రెండుచోట్లా ఉన్నాయా? ఆర్నెల్లు పైగా ఉన్నాయా? వాటివల్ల చదువో, స్నేహాలో నిజంగా దెబ్బతింటున్నాయా? ఇవన్నీ తల్లిదండ్రుల్ని కూడా అడిగి తెలుసుకుంటారు. ముప్పై సెకన్లలో తేలేది కాదు. కెనడాలో డాక్టర్లు టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ మీద బాగా పాపులరైన వంద వీడియోలు తీసి చూశారు. 2022లో ఆ వివరాలు అచ్చయ్యాయి. వందలో 52 తప్పుదారి పట్టించేవే. టిక్‌టాక్ మన దేశంలో 2020లోనే ఆగిపోయింది. అలాంటి వీడియోలు మాత్రం రీల్స్‌లో, షార్ట్స్‌లో మనకి వస్తూనే ఉన్నాయి."

కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. "అయితే కొందరికి నిజంగానే ఉంటుంది. వీడియో చూశాక అనుమానం వస్తే రానివ్వండి. దాన్ని అమ్మానాన్నలకి చెప్పి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. మనకి మనమే జబ్బు పేరు పెట్టుకోవద్దు."

రెండో చీటీ. నీకేం కావాలో గట్టిగా అనుకో, యూనివర్స్ తెచ్చిస్తుంది. సీటైనా, మార్కులైనా, మనశ్శాంతైనా.

తొమ్మిదో తరగతి పిల్ల చెయ్యెత్తి బోర్డు మీద మూడో ప్రశ్న చూపిస్తుంది. "యూనివర్స్‌ని చేసింది దేవుడే కదక్కా. చేసినవాణ్ణే అడగొచ్చుగా."

"బాగా చెప్పావమ్మా. ఇందులో ఇంకో ముల్లుంది, చూడండి. అనుకున్నది రాకపోతే ఏమంటారు? నువ్వు సరిగ్గా అనుకోలేదంటారు. తప్పంతా నీ నెత్తినే. మన మధ్యా ఇదే మాట ఇంకో వేషంలో తిరుగుతోంది. జబ్బు తగ్గలేదంటే నీకు విశ్వాసం చాల్లేదని అనడం. రెండూ బాధలో ఉన్నవాడి మీద ఇంకో బరువు పెట్టేవే."

వెనక వరసలో ఒకావిడ పమిట సర్దుకుని కూర్చుంటుంది. ఆ మాట ఎప్పుడో ఎవరో ఆవిడతో అని ఉంటారనిపిస్తుంది మీకు.

మూడో చీటీ. గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో, ఆరు లెక్కపెడుతూ వదులు.

ఇప్పుడు వెనక వరసలో పమిట సర్దుకున్నావిడే అడుగుతుంది. "అమ్మా, ఇది యోగా కిందకి రాదా? మన పిల్లలు చెయ్యొచ్చా?"

"పురిటి నొప్పులు పడే ప్రతి తల్లికీ ఊపిరి ఎలా తీసుకోవాలో నేను చెబుతానండీ. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. దేవుడు మన ఒంటిని అలా చేశాడు. మట్టిబొమ్మ ముక్కులో జీవం ఊదింది ఆయనే కదా. వీడియోలో ఇంకేదో పేరు జపించమంటే అది వదిలెయ్యండి. ఊపిరి మాత్రం తీసుకోండి. ఆ లెక్కలోనే చిన్న ప్రార్థన చేసుకోండి. ఎవరేం చెప్పినా మొత్తం పారెయ్యక్కర్లేదు, మొత్తం మింగక్కర్లేదు. రండి, చేసి చూద్దాం."

హాలంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంటుంది. నాలుగు. వదులుతుంది. ఆరు. మళ్లీ. మళ్లీ. పగలంతా ఎండలో బిగుసుకున్న మీ భుజాలు కాస్త దిగుతాయి.

నాలుగో చీటీ చదివేటప్పుడు అక్క తల్లిదండ్రుల వైపు చూస్తుంది. నీ శాంతి చెడగొట్టేవాళ్లు టాక్సిక్. అమ్మానాన్నలైనా సరే, కట్ చేసెయ్.

కుర్చీలు కిర్రుమంటాయి. ఒకళ్లిద్దరు పిల్లలు చప్పున తలలు దించుకుంటారు.

"రెండు సంగతులు విడివిడిగా చూద్దాం. ఇంట్లో కొడుతుంటేనో, ఎవరైనా తాకకూడని చోట తాకుతుంటేనో దాన్ని దాచమని దేవుడు ఎక్కడా చెప్పలేదు. తల్లిదండ్రుల్ని సన్మానించడమంటే దెబ్బలు దాచడం కాదు. నాకు చెప్పండి, టీచరుకి చెప్పండి, 1098కి ఫోన్ చెయ్యండి. అది పిల్లల కోసమే పెట్టిన నంబరు. ఇక రెండోది. మార్కుల గురించి నాన్న అరిచాడు, అమ్మ పక్కింటి పిల్లతో పోల్చింది. బాధే. కాదనను. ఆ బాధ నాన్నకి ఒక్కసారైనా చెప్పారా? ఆ వీడియో చేసినవాడికి మీ నాన్న తెలియదు. నాలుగో ప్రశ్న ఇక్కడ అడగండి. ఈ సలహా పాటిస్తే రేపు నా పక్కన ఎవరుంటారు?"

మీ పక్కాయన లేచి నిలబడతాడు. ఆటో తోలతాడని ఇందాక కుర్చీ వేసిన కుర్రాడు చెప్పాడు. "అమ్మా, వాళ్లు చెబితే మేం వినాలి గదా. ఇంటికొచ్చేసరికి నాకు ఓపికుండదు. రిజల్ట్స్ వచ్చిన రోజు మావాడితో మాట్లాడలేదు. ఇయ్యాళ మాట్లాడతా." కూర్చుంటాడు. మగపిల్లల వైపు ఒకడు వెనక్కి తిరిగి తండ్రిని చూస్తాడు.

ఐదో చీటీ. అక్క గొంతు మారుతుంది. ఒక బోధకుడి క్లిప్. డిప్రెషన్ అనేది దయ్యం, టాబ్లెట్లు ఆపి ఉపవాసం ఉండు, విడుదల వస్తుంది.

"చేతిలో బైబిల్ ఉందని వదిలెయ్యొద్దు. ఒకటో ప్రశ్న నుంచి అడగండి."

పిల్లలే అడుగుతారు. డాక్టరా? కాదు. నేనెవరో తెలుసా? తెలియదు. ఏం అమ్ముతున్నాడు? "కింద అభిషేక తైలం లింకుందక్కా" అంటుందో అమ్మాయి. వాక్యంతో కుదురుతుందా? అక్కడ పిల్లలు ఆగిపోతారు. అక్క పక్కకి జరుగుతుంది. మూల కుర్చీలో ఇప్పటిదాకా వింటున్న పాస్టరు అయ్యగారు లేస్తారు.

"మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిది. ఏలీయా కర్మెలు కొండ మీద అంత కార్యం చేసొచ్చాడు. వెంటనే యెజెబెలు బెదిరిస్తే అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూలబడి, చావు కోరుకున్నాడు. ప్రవక్తే. దేవుడు ఆయన్ని తిట్టాడా? విశ్వాసం ఏమైందని అడిగాడా? పడుకోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ తినిపించాడు. మాటలు ఆ తర్వాతే. చివరికి ఎలీషాని తోడిచ్చాడు. నిద్ర, తిండి, తోడు. హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడు, అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వెయ్యమని యెషయా చెప్పాడు. ప్రార్థనా ఉంది, మందూ ఉంది. సువార్త రాసిన లూకా వైద్యుడు."

అయ్యగారు కిటికీలోంచి ఊరి వైపు చెయ్యి చూపిస్తారు. "అన్నా కుగ్లర్ 1883లో ఈ ఊరొచ్చింది. 1898లో ఇక్కడ ఆస్పత్రి తెరిచింది. మన అమ్మమ్మల్లో ఎంతమంది అక్కడ పుట్టలేదు? ఆవిడ సువార్త చెప్పింది, మందూ ఇచ్చింది. ఆస్పత్రి కట్టిన సంఘం మనది. మందు మానెయ్యమనే మాట మన నోట రాకూడదు. స్పర్జన్ ప్రసంగాలు మీ ఇళ్లలో ఉంటాయి. ఆయన ఏళ్ల తరబడి కుంగుబాటుతో బాధపడ్డాడు. ఆ సంగతి తన విద్యార్థులకి దాచకుండా చెప్పాడు."

అక్క అందుకుంటుంది. "కుంగుబాటు మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి. ఉపవాసం ఉండాలనుకుంటే డాక్టరుకి చెప్పి ఉండండి. రెండు వారాలు పైగా, దాదాపు రోజంతా దిగులుగా ఉండి, ఇష్టమైన పనులు కూడా సహించకుండా, నిద్రా తిండీ చెడిపోతే అది బద్ధకం కాదు, పాపమూ కాదు. చూపించుకోవాల్సిన జబ్బు."

గిన్నెలో చివరి చీటీ. ఆవిడ విప్పి, లోపలే చదువుకుని, మడిచి తన బైబిల్లో పెట్టుకుంటుంది.

"ఇది చదవను. ఇది సలహా కాదు, ఒకరి బాధ. రాసినవాళ్లు రాసి మంచి పని చేశారు. మీటింగయ్యాక నేనూ పాస్టరమ్మగారూ ఆ చిన్న గదిలో ఉంటాం. ఎంతసేపైనా ఉంటాం. ఎవరైనా రావచ్చు. అందరూ ఒక నంబరు రాసుకోండి. 14416, టెలీ మానస్. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మీ ఫ్రెండ్ బతకాలని లేదంటే 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వొద్దు. వాక్యం ఒకటి పంపించి ఊరుకోవద్దు. పక్కనే ఉండండి, పెద్దవాళ్లని పిలవండి."

పెన్నులు కదులుతాయి. మీరూ మీ ఫోన్లో ఆ నంబరు ఎక్కిస్తారు.

ప్రార్థనయ్యాక వరండాలో మజ్జిగ గ్లాసులు పంచే పని మీకు పడుతుంది. చిన్న గది తలుపు మూసి ఉంది, లోపల ఎవరున్నారో ఎవరూ అడగరు. మెట్ల దగ్గర ఒక తండ్రి అయ్యగారిని పక్కకి పిలుస్తాడు. గొంతు తగ్గించినా గ్లాసు అందిస్తున్న మీకు వినిపిస్తుంది.

"అయ్యగారూ, మావాణ్ణి ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్‌లో చూపిద్దామని ఉంది. సైకియాట్రీ ఓపీ ముందు నిలబడితే సంఘంలో ఎవరో ఒకరు చూస్తారు. ఏమనుకుంటారో."

"ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం. రేపు పొద్దున్నే నేనూ వస్తా, లైన్లో మీతోపాటు నిలబడతా. ఎవరైనా అడిగితే అయ్యగారికి తోడొచ్చామని చెప్పండి."

ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి అయ్యగారు కళ్లు మూసుకుంటారు.

ఫోన్లో సలహా పిల్లల్ని ఒంటరిగా, ఎక్కువగా అర్ధరాత్రే పట్టుకుంటుంది. మంచిదో చెడ్డదో తేల్చుకోవాల్సిన బరువంతా పదహారేళ్ల బుర్ర మీదే పడుతుంది. ఇందాక ఆ హాల్లో ఆ బరువుని నర్సు, పాస్టరు, ఆటో తోలే తండ్రి, తొమ్మిదో తరగతి పిల్ల తలా కాస్త పంచుకున్నారు. ఏ సలహాలో ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తేలింది అందువల్లే. మీ చర్చిలో ఇలాంటి గంట లేకపోతే, దాన్ని మొదలుపెట్టాల్సింది పిల్లలు కాదు, పెద్దవాళ్లైన మీరే.