విదేశీ లైసెన్స్‌తో విశాఖలో డ్రైవింగా? ఇవి తెలుసుకోండి!

సొంతూరికి వచ్చిన ఎన్‌ఆర్‌ఐలైనా, పోర్టు, స్టీల్‌ప్లాంట్ పనుల మీద వచ్చిన విదేశీయులైనా వైజాగ్‌లో కారు నడపాలంటే తమ దేశం లైసెన్స్ ఒక్కటే చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. దాన్ని బయల్దేరే ముందే అక్కడ తీసుకోవాలి. అది లేకుండా యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

అద్దె కారు: సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల నంబర్ ప్లేటుపై పసుపు అక్షరాలు ఉండాలి. తాళాలు తీసుకునేటప్పుడే ఫాస్టాగ్ బ్యాలెన్స్ చూసుకోండి.

టోల్‌గేట్: 16వ నంబర్ హైవేపై తుని వైపు వేంపాడు, శ్రీకాకుళం వైపు నాతవలస టోల్‌ప్లాజాలు వస్తాయి. ఫాస్టాగ్ లేకపోతే క్యాష్‌కి రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు కట్టాలనే రూల్ 2025 నవంబర్ 15న అమల్లోకి వచ్చింది.

పోలీసులు ఆపితే: యూనిఫాంలో ఉన్న పోలీస్ అడిగితే లైసెన్స్ చూపించాల్సిందే. ఫైన్ వేస్తే ఈ-చలానా అడగండి. రశీదు లేకుండా డబ్బులివ్వొద్దు. హైవేపై సాయం కావాలంటే 1033కి కాల్ చేయండి.