మారిషస్: చేతులు మారిన దీవి, తెగని చాగోస్ వివాదం

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న మారిషస్ ప్రధాన దీవి విస్తీర్ణం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అరబ్బు, పోర్చుగీసు నావికులకు ఈ దీవి ముందే తెలిసినా, డచ్చివారు వచ్చేనాటికి ఇక్కడ స్థిర నివాసులు లేరు. పాలకులతో పాటు ప్రజలు కూడా సముద్రం దాటి వచ్చినవారే. అందుకే ఈ నేల ఎవరిదన్న ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

డచ్చి పాలన

1598లో దీవిపై అడుగుపెట్టిన డచ్చి నావికులు తమ పాలకుడైన నాసౌ రాకుమారుడు మారిస్ పేరును దీనికి పెట్టారు. 1638లో వలసను స్థాపించి, చెరకును, జావా జింకలను తీసుకువచ్చారు. ఎగరలేని డోడో పక్షి ఆ శతాబ్దంలోనే అంతరించింది. వలస నిలదొక్కుకోలేక 1710లో వారు దీవిని విడిచి వెళ్లారు.

ఫ్రెంచి పాలన

1715లో ఫ్రాన్స్ ఈ దీవిని స్వాధీనం చేసుకుని 'ఇల్ ద ఫ్రాన్స్' అని పేరు మార్చింది. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్దొనే పోర్ట్ లూయీని నౌకాశ్రయంగా తీర్చిదిద్దారు. 1746లో ఆంగ్లేయుల నుంచి మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళానికి నాయకుడు ఆయనే. ఆ కాలపు తోటలు, రేవులు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల శ్రమతో నిర్మితమయ్యాయి.

బ్రిటిష్ పాలన

ఫ్రెంచి యుద్ధనౌకలు ఇక్కడి నుంచే ఈస్టిండియా కంపెనీ ఓడలపై దాడులు చేసేవి. ఆ బెడద తొలగించుకోవడానికి బ్రిటన్ 1810 డిసెంబరులో దీవిని జయించింది. ఆ దాడిలో భారతీయ సిపాయిలు కూడా పాల్గొన్నారు. 1814 పారిస్ సంధి ఈ విజయాన్ని ధ్రువపరిచింది. పాత పేరు తిరిగి వచ్చింది. అయితే లొంగుబాటు షరతుల ప్రకారం ఫ్రెంచివారి చట్టాలు, ఆచారాలు, మతం యథాతథంగా కొనసాగాయి. నేటికీ అక్కడ ఫ్రెంచి, క్రియోల్ భాషలు బలంగా నిలవడానికి ఇదొక కారణం.

1835లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం మాత్రం యజమానులకే దక్కింది. చెరకు తోటలకు కూలీల కొరత తీర్చడానికి 1834 నుంచే భారతదేశం నుంచి ఒప్పంద కార్మికులను రప్పించారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల వరకు దాదాపు నాలుగున్నర లక్షల మంది అలా వచ్చారు. వారిలో కోరంగి తదితర తీర ప్రాంతాల నుంచి ఓడలెక్కిన తెలుగువారు కూడా ఉన్నారు. మారిషస్‌లో నేటికీ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. కార్మికులు దిగిన పోర్ట్ లూయీ ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

స్వాతంత్ర్యం, గణతంత్రం

1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యాన్ని కోరిన కూటమి గెలిచినప్పటికీ, ఓటర్లలో సుమారు 44 శాతం మంది వ్యతిరేక పక్షాన నిలిచారు. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమైంది. శివసాగర్ రామ్‌గులామ్ తొలి ప్రధానమంత్రి అయ్యారు. 1992లో అదే తేదీన మారిషస్ గణతంత్రంగా మారింది.

మిగిలిన వివాదం

స్వాతంత్ర్యానికి మూడేళ్ల ముందు, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. అందుకు చెల్లించిన మొత్తం 30 లక్షల పౌండ్లు. అక్కడి డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968-73 మధ్య సుమారు 1,500 నుంచి 2,000 మంది నివాసులను తరలించారు. ఆ విభజన చట్టబద్ధం కాదని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం వెలువరించింది. అదే ఏడాది మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 116-6 ఓట్లతో మారిషస్ పక్షాన తీర్మానించింది. చాగోస్‌పై సార్వభౌమాధికారాన్ని మారిషస్‌కు అప్పగించేందుకు, డీగో గార్సియా స్థావరాన్ని 99 ఏళ్లపాటు కొనసాగించేందుకు 2025 మే 22న రెండు దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి.

అయితే నాడు తమను తరలించేటప్పుడు గానీ, నేడు ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు గానీ తమ సమ్మతి ఎవరూ అడగలేదన్నది చాగోస్ వాసులలో పలువురి ఆవేదన. దీవిపై ఎగిరే జెండా మారినంత మాత్రాన వారు ఇల్లు చేరినట్లు కాదు.