44,100 వెనుక కథ

చిన్న ధ్వనిముద్రణ గది నడిపే నాకు ప్రతి కొత్త పాటతోనూ మొదట ఎదురయ్యే ప్రశ్న, శాంపిల్ రేటు ఎంత అన్నది. సీడీ కోసమైతే జవాబు 44,100. అంటే సెకనుకు ధ్వనిని అన్నిసార్లు కొలిచి అంకెలుగా మార్చాలి.

మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. కొలతలు దానికి రెట్టింపును మించాలన్నది శాస్త్రం. మరి పైనున్న ఆ 4,100 ఎక్కడివి? 1970లలో అన్నేసి అంకెలను ఇముడ్చుకోగలిగి, అందుబాటులో ఉన్న సాధనం వీడియో టేపు. బొమ్మలోని ఒక్కొక్క గీతలో మూడేసి కొలతలు దాచారు. అమెరికా, జపాను పద్ధతిలో సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు 245 గీతలు; ఐరోపా పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు. ఎటు హెచ్చవేసినా 44,100! 1982లో వచ్చిన సీడీ ఆ అంకెనే స్వీకరించింది.

అంకె నిలిచింది, యంత్రాలు నిలవలేదు. 1987లో వచ్చిన డ్యాట్ టేపు యంత్రాల తయారీని సోనీ 2005లో ఆపివేసింది. డిజిటల్ అంటే శాశ్వతమని నమ్మి బీరువాలో దాచిన టేపు చెడకపోయినా, దానిని చదివే యంత్రం దొరకడం కష్టం. కనుక మిత్రులారా, మిక్సింగ్, మాస్టరింగ్ ముగిశాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది: ఎప్పటికప్పుడు పాటను కొత్త సాధనంలోకి ఎక్కించడం. తాళపత్ర గ్రంథాలు మన దాకా వచ్చింది తరతరాలవారు ఎత్తి వ్రాయడం వల్లనే కదా!