కెమెరా చూపు, జర్మనీ తీర్పు

రికార్డు చేయకుండా ఊరికే చూపించే కెమెరా మనిషికి ఏం హాని చేస్తుంది? ఈ ప్రశ్నకు జర్మనీ చెప్పుకున్న సమాధానం వెనుక ఒక జనాభా లెక్కల కథ ఉంది.

ప్రపంచంలో మొట్టమొదటి డేటా రక్షణ చట్టం అక్కడి హెస్సె రాష్ట్రానిది, 1970లో చేసినది. అది ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లకే పరిమితం. కెమెరాల ఊసు అందులో లేదు.

1983లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం జనగణన తలపెట్టింది. జనం ఎదురుతిరిగారు. 1939 నాటి గణనలో మీ తాతలలో, అవ్వలలో యూదులెవరని అడిగిన దేశమది. ఆ భయం ఉత్త భ్రమ అనలేము. రాజ్యాంగ న్యాయస్థానం ఏప్రిల్‌లో గణనను ఆపి, డిసెంబరు 15న తీర్పు చెప్పింది. తన వివరాలు ఎవరికి, ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనన్నది దాని సారాంశం. అంతకన్న విలువైనదిగా నాకు తోచేది తీర్పు చూపిన కారణం. తన నడవడిని ఎవరైనా నమోదు చేస్తున్నారేమోనన్న శంక ఉన్నవాడు నలుగురి కంటా పడకుండా ఒదిగి నడుస్తాడు. సభకు వెళ్ళే హక్కును సైతం వదులుకోవచ్చు. ఆ నష్టం ప్రజాస్వామ్యానిది కూడా.

కెమెరాల వంతు 2001లో వచ్చింది. (కేంబ్రిడ్జిలో కాఫీ పాత్రను లోకమంతటికీ చూపిన తొలి వెబ్‌కామ్‌ను ఆపేసినదీ ఆ యేడే. ఆ కాఫీ యంత్రాన్ని వేలంలో కొనుక్కున్నది జర్మనీ పత్రిక ష్పీగెల్ వారి ఆన్‌లైన్ విభాగం!) ఆ యేడు సవరించిన సమాఖ్య చట్టం బహిరంగ ప్రదేశాలను కెమెరాతో ‘పరిశీలించడం’ అన్న మాటనే ఎంచుకుంది. దాంతో అప్పటికప్పుడు తెరపై చూడడమూ చట్టం పరిధిలోకి వచ్చింది. చూస్తున్నారన్న సంగతీ, చూస్తున్నది ఎవరన్నదీ జనానికి తెలిసేలా చేయాలి.

2018 మే 25 నుంచి ఐరోపా సమాఖ్య వారి జి.డి.పి.ఆర్. అమలైంది. మరుసటి ఏడు ఒక దంతవైద్యశాల వ్యాజ్యంలో సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది. రిసెప్షన్‌లో మనిషి లేరు, తలుపు తెరిచే ఉంటుంది. కెమెరా అక్కడి దృశ్యాన్ని చికిత్స గదుల్లోని తెరలపై చూపుతుంది, రికార్డు చేయదు. దొంగల భయం అన్నారు గాని, దానికి తగిన ఆధారం చూపలేకపోయారు. రోగులు మసలే చోటును కెమెరా చూడరాదన్న డేటా రక్షణ అధికారి ఆదేశమే 2019 మార్చి 27న నిలిచింది.